దొంగ ఎండ

మా ఆయనకి మొక్కలంటే పడదు. ముప్పై ఒక్కేళ్ళ కాపురంలో ఒక్క మొక్కకి చెంబెడు నీళ్ళు పోసిన పాపాన పోలేదు. అలాంటి మనిషి ఆ చలికాలం మొదట్లో ఒక బుధవారం పొద్దున అట్టపెట్టెలో మూడు కుండీలు పెట్టుకుని, చంకలో ఒక పొడుగాటి డబ్బా ఇరికించుకుని, ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు. చెప్పులైనా విప్పకుండా తిన్నగా నా గదిలోకి నడిచారు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

"ఏంటివి?" అన్నాను.

"మొక్కలు."

"అది కనపడుతూనే ఉంది. ఎవరివి?"

"మనవే. ఇది మిరప. ఇది మనీప్లాంటు. ఇదేమో తెల్ల గులాబి. ఇంట్లో పచ్చగా ఏదైనా ఉంటే మంచిదట."

"ఎవరు చెప్పారు?"

"అందరూ చెప్తున్నారు" అంటూ డబ్బా విప్పారు. లోపల మూరెడు పొడుగు పలక, దాని నిండా కందిగింజలంత బల్బులు. "ఇది మొక్కల దీపం. అచ్చం ఎండలాగే ఉంటుందట. కిటికీ లేని గదిలో కూడా మొక్కలు దీన్ని చూసి సూర్యుడే అనుకుని పెరుగుతాయట."

"అంటే మొక్కల్ని మోసం చేసే దీపం అన్నమాట."

ఆయన నా మొహంలోకి చూడకుండా, "అలాగే అనుకో" అన్నారు.

ఆ రోజు నుంచి దానికి దొంగ ఎండ అని పేరు పెట్టాను.

నా గది అన్నానుగా, అది నేను పని చేసుకునే గది. నాది రఫూ పని. నిప్పురవ్వ పడ్డ చొక్కాకో, పురుగు కొట్టిన శాలువాకో, మేకు పట్టి చిరిగిన కోటుకో పోగు పోగు అల్లి, చిరుగు ఎక్కడుందో సొంతదారుకే తెలియకుండా చేయడం. ఆ బట్ట లోపలి మడతలోంచి పోగు లాగి కుట్టేస్తే పోదా అంటారు తెలియనివాళ్ళు. లోపలి మడత ఎండ మొహం ఎరగదు. పది ఉతుకులు పడేసరికి పైగుడ్డ రంగు ఒకటి, దాని రంగు ఒకటి అవుతాయి. కాబట్టి దారం ఎంచుకోవాలి. అది కూడా పొద్దున పదికీ పన్నెండుకీ మధ్య, కిటికీ దగ్గర నిలబడి, పగటి వెలుతురులో ఎంచుకోవాలి. నాకు పని నేర్పిన మా అమ్మ సాయంత్రం దీపం పెట్టాక దారం పెట్టె మూత తీయనిచ్చేది కాదు.

ఆ ఏడు నా కిటికీకి గ్రహణం పట్టింది. ఎదురుగా కొత్త భవనం లేచింది. వానలప్పటికి నాలుగు అంతస్తులు, చలి మొదలయ్యేసరికి తొమ్మిది. పన్నెండింటికి కూడా గదిలో మబ్బు పట్టినట్టుండేది. గోడలు సైతం పసుపెక్కిపోయాయి. "సున్నం వేయించండి, కామెర్లొచ్చినట్టున్నాయి" అని నేనంటే, ఆయన గోడల వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి, "చూద్దాంలే" అనేవారు.

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. పైచూపు, కిందిచూపు తప్ప పక్కచూపు తెలియని మనిషని మా చుట్టాలు వేళాకోళం చేస్తుంటారు. నేనూ అలాగే నమ్మాను. ఆ మనిషి ఆ రోజు స్టూలెక్కి, దీపాన్ని సరిగ్గా నా బల్ల మీదికి వేలాడదీశారు. మొక్కల్ని మాత్రం పక్కన గూట్లో పెట్టారు.

"మొక్కలు అక్కడుంటే దీపం ఇక్కడేంటి?"

"వైరు ఇంతవరకే వచ్చింది."

ఇరవై అంతస్తుల పొడుగునా తీగలు లాగే మనిషికి మూరెడు వైరు చాల్లేదట. నా చెవిలో పువ్వు పెడుతున్నారని తెలిసిపోయింది. ఎందుకు పెడుతున్నారన్నదే తెలియలేదు.

మొదట ఆడపడుచు మీదికి పోయింది నా అనుమానం. ఆవిడ ప్రతి చలికాలమూ మా ఇంట్లో ఓ నెల ఉండేది. రెండేళ్ళుగా "మీ ఇంట్లో నీ గదిలో తప్ప ఎండ పొడ లేదు, నా కీళ్ళు పట్టేస్తున్నాయి" అని రావడం మానేసింది. సరే, ఇదీ సంగతి, అక్కగారి కోసం ఎండ కొనుక్కొచ్చారు, ఇవాళ దీపం, రేపు మంచం, ఎల్లుండి నా బల్ల వరండాలోకి, అనుకున్నాను. ఆ బల్ల పోతే నా పని పోతుంది. పని పోతే నేను ఇంట్లో మూలకి నిలబెట్టిన చీపురుకట్టనే. ఊరుకోలేక ఆవిడకి ఫోను చేశాను.

"వదినగారూ, ఈసారి ఎప్పుడొస్తున్నారు?"

"నేనా? ఆ చీకటి కొంపకా? నన్ను వదిలెయ్యి తల్లీ" అంది ఆవిడ.

అదొకటి కొట్టుకుపోయింది.

దీపం పొద్దున ఏడింటికి దానంతటదే వెలిగేది, సాయంత్రం ఏడింటికి ఆరిపోయేది. మొదట్లో పంతానికి దాని కింద కూర్చోలేదు. కిటికీకి అతుక్కుపోయి కుట్టాను. నాలుగో రోజుకి మెడ పట్టేసింది. ఎవరూ లేనప్పుడు చూసి బల్ల దగ్గరికి చేరాను. చెప్పకూడదుగానీ, వెలుతురు బాగానే ఉంది. సూదిబెజ్జం కనపడింది. మొదటిసారి దాని కింద నేను కుట్టింది ఆయన తెల్లచొక్కానే. లిఫ్టు తలుపులో పడి మోచేతి దగ్గర అరచేయంత చిరిగింది. రెండు రోజులు కూర్చుని అల్లాను. ఆయన చొక్కాని దీపం కింద అటూ ఇటూ తిప్పి చూశారు. చాలాసేపు చూశారు.

"ఎలా ఉంది?"

"ఎక్కడ చిరిగిందో నేనే చెప్పలేను" అన్నారు.

పొంగిపోయాను. ఇంకేం, ఆ చొక్కా ఆయన ఒంటికి అతుక్కుపోయింది. బుధవారం ఆయనకి సెలవు. బుధవారం వచ్చిందంటే ఆ తెల్లచొక్కా, నున్నగా దువ్విన తల, చేతిలో గుడ్డసంచీ. భోజనం చేసి బయల్దేరితే రెండు గంటల పాటు పత్తా ఉండేవారు కాదు.

"ఎక్కడికి?"

"పాత స్నేహితుడొకడు కనపడ్డాడు."

"సంచీలో ఏంటి?"

"వాడి సామానే."

స్నేహితుడి సామాను మా ఇంట్లో ఎందుకుంటుందని అడిగితే నీళ్ళు నమిలారు. ఇంకో రోజు నేను వంటింట్లో ఉన్నాననుకుని వరండాలో ఫోనులో మాట్లాడుతున్నారు. గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళ మాటలు నాకు మరీ బాగా వినపడతాయి.

"నువ్వే చెయ్యాలమ్మా... లేదు, ఇంకా తెలియదు... తెలిస్తే తట్టుకోలేదు."

ఎవరో ఆడదన్నమాట. అమ్మా అంటున్నారు కాబట్టి చిన్నదే. చేతిలో గరిటె అలాగే పట్టుకుని గోడకి జారగిలబడ్డాను. తరవాత ఆయన లోపలికొచ్చి "కూర మాడుతోంది" అంటే, మాడనీ అన్నాను.

ఆ నాటి నుంచి కళ్ళలో ఒత్తులు వేసుకుని కాపలా కాశాను. చూసేకొద్దీ అన్నీ తేడాగానే కనపడ్డాయి. వీధి చివర లాండ్రీ ఆయన పదిహేనేళ్ళుగా చిరిగిన బట్టలన్నీ నాకే తెచ్చేవాడు, వచ్చి గుమ్మంలో నిలబడి పావుగంట కబుర్లు చెప్పేవాడు. ఇప్పుడు మెట్ల దగ్గరే మా ఆయన చేతిలో మూట పెట్టేసి, తేలు కుట్టిన దొంగలా వెళ్ళిపోతున్నాడు. మొక్కలు కూడా అదోలా ఉన్నాయి. పైకి పెరగాల్సినవి పక్కకి పెరుగుతున్నాయి. మూడూ సన్నగా సాగి, మెడలు చాచి, నా బల్ల వైపు వంగాయి. నేనేం కుట్టినా మీద పడి చూస్తున్నట్టుండేది.

మూడో వారంలో గులాబి పూసింది. చూస్తే మీగడ రంగు.

"తెల్ల గులాబి అన్నారుగా?" అన్నాను.

ఆయన పువ్వుని చూశారు. నా వంకా చూశారు. "దీపం వేడికేమో" అన్నారు చివరికి.

పువ్వు రంగు విషయంలో కూడా అబద్ధమాడే మనిషి ఇంక దేంట్లో నిజం చెప్తారు? మర్నాడు ఆయన పనిలోకి వెళ్ళగానే చెప్పులేసుకుని, డబ్బా మీద చిరునామా పట్టుకుని మొక్కల కొట్టుకి వెళ్ళాను.

కొట్టావిడ మట్టిచేతులు తుడుచుకుంటూ వచ్చి, నేను చెప్పిందంతా విని నవ్వింది. "పక్కకి వంగక ఏం చేస్తాయమ్మా? ఎండ ఎటుంటే అటు పోతాయి. ఆకుల మీద అడుగు ఎత్తులో కట్టమని మీవారికి రెండుసార్లు చెప్పాను. ఆయన విన్నట్టు లేరు."

"ఆయన ఏం అడిగారు?"

"మొక్క గురించి ఒక్క ముక్క అడగలేదు. ఏవైనా మూడు ఇచ్చెయ్యమన్నారు. దీపాలు మాత్రం గంటసేపు చూశారు. ఉన్నవన్నీ వెలిగించమన్నారు. సంచీలోంచి గుడ్డముక్కలూ దారప్పోగులూ తీసి, ఒక్కో దీపం కింద పెట్టి చూసుకున్నారు. టైలరా అమ్మా ఆయన?"

"కాదు" అన్నాను. "లిఫ్టులు బాగుచేస్తారు."

దారి పొడుగునా లెక్క కడుతూ నడిచాను. గుడ్డముక్కలు, దారాలు, సంచీ, ఫోనులో చిన్నది, నువ్వే చెయ్యాలమ్మా. ఒక్కటే పేరు తేలింది. పిచ్చుక.

పిచ్చుక అని పేరు పెట్టింది నేనే. బక్కపల్చటి పిల్ల, ఎప్పుడూ కిచకిచలాడేది. ఆరేళ్ళు నా బల్లకి అటుపక్క కూర్చుని పని నేర్చుకుంది. నన్ను పిన్నీ అనేది, ఆయన్ని బాబాయ్ అనేది. మూడేళ్ళ కిందట నాలుగు వీధులవతల సొంతంగా కొట్టు పెట్టుకుంది. ఆ మాట నాకు లాండ్రీ ఆయన ద్వారా తెలిసింది. ఆ తరవాత నేను ఆ వీధిలోకి అడుగు పెట్టలేదు, మా ఇంట్లో దాని పేరు ఎత్తనివ్వలేదు. ఇప్పుడు నా మొగుడే నాకొచ్చిన పని మూట కట్టి దాని చేతిలో పోస్తున్నాడన్నమాట. ఇంకో ఆడదానితో తిరుగుతున్నారన్నా అంత మండేది కాదేమో నాకు.

బుధవారం వచ్చింది. తెల్లచొక్కా, సంచీ. "వస్తాను" అన్నారు. "మంచిది" అన్నాను. వంద లెక్కపెట్టి తాళం వేసి వెనకే బయల్దేరాను. ఆయన పక్కకి చూసే రకం కాదు కాబట్టి దాక్కోవాల్సిన పని లేకపోయింది. అనుకున్నట్టే నాలుగో వీధిలోకి తిరిగారు.

నేను వెళ్ళేసరికి ఆయన స్టూలు మీద కూర్చుని ఉన్నారు. పిచ్చుక బల్ల ముందు వంగి ఉంది. దాని తల మీద కూడా అలాంటి దీపమే. ఒకావిడ, బాగా పెద్దావిడ, తన బట్టల కోసం బెంచీ మీద కాచుకుని కూర్చుంది.

"బావుంది" అన్నాను గుమ్మంలోనే. "ఎన్నాళ్ళనించి ఈ భాగోతం?"

ఆయన లేచి నిలబడ్డారు. పిచ్చుక చేతిలో సూది ఆగింది. "పిన్నీ" అంది.

"ఎవరే నీకు పిన్ని? పని నేర్పినందుకు నా పనే ఎత్తుకుపోతావా? అడిగితే ఇవ్వనా నేను? ఈయన ఒకరు, ఇంట్లో మొక్కలు, బయట సంచీలు!" అంటూ దాని చేతిలో బట్ట లాక్కున్నాను. తెల్లకోటు. డాక్టర్లు వేసుకునేలాంటిది. జేబు దగ్గర చేయి తగలగానే తెలిసింది, నేనల్లిందే. కిందటి వారం రెండు పూటలు పట్టింది నాకు. సగం పోగులు ఊడి ఉన్నాయి. ఊడదీసినవి బల్ల మీద సాసర్లో ఉన్నాయి.

"నా కుట్టు విప్పుతున్నావా?" అన్నాను. "దీనికేం రోగం? పోగు తప్పిందా? బిగుసుకుందా? చెప్పు, ఎక్కడ తప్పో చూపించు."

ఆయన నేల చూస్తున్నారు. పిచ్చుక ఆయన్ని చూస్తోంది.

బెంచీ మీద పెద్దావిడకి ఇదేమీ అర్థం కాలేదు. మెడ ముందుకి చాచి కోటు వంక చూసింది. "అల్లిక ముచ్చటగా ఉంది. కానీ అదేంటమ్మా, అంత తెల్లటి కోటుకి పసుపు దారం వేశారు, ఎవరో మహానుభావులు?" అంది.

నేను కోటు చూశాను. సాసర్లో పోగులు చూశాను. దీపం నిట్టనిలువుగా వాటి మీదే పడుతోంది. రెండూ ఒకటే రంగు.

బల్ల మీద వరసగా దారపుకండెలు ఉన్నాయి. రెండు తీసి పక్కపక్కన పెట్టాను. ఒకటే. ఇంకో రెండు తీశాను. అవీ ఒకటే. తిరగేసి అడుగున చూస్తే నాలుగిటికీ నాలుగు వేరే నంబర్లున్నాయి.

పిచ్చుక నెమ్మదిగా స్టూలు నా వెనక్కి జరిపింది. కూర్చున్నాను.

"ఎన్ని తిరిగొచ్చాయి?" అన్నాను.

"పదకొండు" అన్నారు ఆయన.

"నాకెందుకు చెప్పలేదు?"

పిచ్చుక, తను బాగుచేసిన బట్ట ఒకటి నా ఒళ్ళో పెట్టింది. వేలితో తడిమి చూశాను. పోగు చివర నేను ఎడమవైపు తిప్పి వదులుతాను, అది మా అమ్మ అలవాటు. పిచ్చుక చేతివాటం కుడి, అది కుడివైపు వదిలేది. ఎన్నిసార్లు మందలించినా మారలేదు. ఈ బట్ట మీద అన్నీ ఎడమవైపే తిరిగి ఉన్నాయి. ఎవరు చూసినా నా పనే అనుకుంటారు.

"అప్పుడు చెప్పకుండా వెళ్ళిపోయాను. చెప్తే ఏడుస్తానని భయమేసి" అంది పిచ్చుక.

"నోరుముయ్యి" అన్నాను. అప్పటికి నేనే ఏడుస్తున్నాను.

ఇంటికి ఇద్దరం కలిసే నడిచాం. ఎదురింటి భవనం కనపడే మలుపు దగ్గర ఆయన ఆగారు.

"లాండ్రీ ఆయన మొదటిది తిరిగి తెచ్చినప్పుడు, ఇదిగో దీనివల్లే అనుకున్నాను" అన్నారు, భవనం వైపు చేయి చూపించి. "కిటికీలో ఎండ పోయింది, అందుకే రంగు తెలియట్లేదు, ఎండ తెచ్చి పెడితే సరిపోతుంది అనుకున్నాను. నీకోసమని చెప్తే నువ్వు దాని కింద కూర్చునే రకమా? అందుకే మొక్కలు తెచ్చాను."

"మరి దీపం పెట్టాక కూడా తిరిగొచ్చాయిగా?"

"వచ్చాయి."

"అప్పుడైనా తెలిసిందిగా, వెలుతురు కాదని?"

"తెలిసింది. అయినా వెలుతురే అయితే బావుణ్ణని ఇంకో రెండు వారాలు చూశాను" అన్నారు.

కళ్ళ డాక్టరు రెండు నిమిషాల్లో తేల్చేశాడు. రెండు కళ్ళలోనూ శుక్లాలు. చాలాకాలంగా ముదురుతున్నాయట, పసుపు అద్దంలోంచి చూస్తున్నట్టేనట. "ఇన్నాళ్ళు ఎలా గమనించలేదమ్మా?" అన్నాడు. నాకు కోపమొచ్చింది. నేను గమనించనిదేముంది? గోడలు గమనించాను, పువ్వుని గమనించాను, మొక్కల్ని, లాండ్రీ ఆయన్ని, మొగుణ్ణి అందర్నీ గమనించాను. నా కళ్ళని తప్ప. ఆపరేషన్ తరవాత మళ్ళీ సూది పట్టగలనా అని అడిగితే, పట్టగలరు అన్నాడు. నేను నమ్మలేదు. మా ఆయన్ని ఇంకోసారి అడగమన్నాను, అప్పుడూ అదే చెప్పాడు.

చలి వెనకపట్టు పట్టే రోజుల్లో కుడికంటికి ఆపరేషన్ అయింది. మర్నాడు కట్టు విప్పి, నల్లకళ్ళద్దాలు పెట్టి పంపించారు. ఇంటికొచ్చి నా గదిలో బల్ల ముందు కూర్చుని, ఎడమకన్ను చేత్తో మూసి, కళ్ళద్దాలు తీశాను.

గోడలు తెల్లగా ఉన్నాయి. ఎవరూ సున్నం వేయలేదు. గూట్లో గులాబికి కొత్తగా రెండు పూలు, ఉతికి నీలిమందు పెట్టిన గుడ్డంత తెల్లగా. ఆయన చెప్పింది నిజమే. మిరపమొక్కకి ఒకే ఒక్క కాయ, అది కూడా నా వైపే వంగి ఉంది.

ఆయన టీ తెచ్చి బల్ల మీద పెట్టారు. పెట్టడానికి చేయి చాచినప్పుడు మోచేయి సరిగ్గా దీపం కిందికి వచ్చింది.

తెల్లచొక్కా మీద అరచేయంత పసుపు. కోడిగుడ్డు సొన ఒలికి ఎండిపోయినట్టుంది. వీధి అవతల నుంచి కూడా కనపడుతుంది. అల్లికలో ఒక్క పోగు తప్పలేదు. దీన్ని వేసుకుని ఆయన చలికాలమంతా తిరిగారు. బస్సులో, లిఫ్టుల్లో, పనిలో పదిమంది ముందు, పిచ్చుక కొట్లో దీపం కింద, నేనెవరికోసం ముస్తాబవుతున్నారా అని లెక్కలు కట్టుకున్న బుధవారాలన్నీ.

"నవ్వలేదా ఎవరూ?" అన్నాను.

ఆయన మోచేయి చూసుకున్నారు. నేను చూస్తున్నానని అప్పుడు అర్థమైంది ఆయనకి. చేయి వెనక్కి తీసుకోబోయి మానేశారు.

"నవ్వారు."

"మరి ఎందుకేసుకున్నారు?"

"మానేస్తే ఎందుకు మానేశావని అడుగుతావుగా. నువ్వు అసలే అనుమానం మనిషివి."

"విప్పండి. ఊడదీసి మళ్ళీ అల్లుతాను."

"చలిగా ఉంది" అన్నారు. బయట ఎండ కాస్తోంది, గదిలో దీపం వెలుగుతోంది, ఆయన నుదుటి మీద సన్నగా చెమట కూడా ఉంది. అబద్ధమాడటం ఆ మనిషికి ఎప్పటికీ చేతకాదు.

రెండోసారి అడగలేదు నేను. టీ తాగి లేచి, "ఆ దీపం దించండి" అన్నాను. ఆయన స్టూలెక్కి విప్పారు. గూట్లో మొక్కల మీద, ఆకులకి సరిగ్గా అడుగు ఎత్తులో కట్టించాను. వైరు ఇంకా బారెడు మిగిలింది.